గింజ రంగు మారేదాకా

నేను హిందూపురం బడిలో సైన్స్ టీచరుగా చేరిన రెండో ఏడు, చర్చి ఫాదర్ ఒక సీసా పట్టుకొని ల్యాబుకొచ్చినారు. మద్యనిషేధం ఉన్న రోజులవి. పూజకు వాడే ద్రాక్షరసానికి మాత్రం అనుమతి ఉండేది. దాన్ని ఆయనే చేసుకునేవారు.

"నోట పోసుకుంటే పళ్ళు జివ్వుమంటాండాయమ్మా. చెడిపోయిందేమో చూడు," అన్నారు.

వాసన చూసినాను. చెడిన పులుపు వాసన లేదు. పులుపెంతుందో కొలవడానికి, పులుపు విరిగితే గులాబీ రంగు తిరిగే మందు కొంచెం కలిపి కాస్టిక్ సోడా చుక్కలు వేస్తూ పోతే, గులాబీ రంగు తిరగడానికి నేననుకున్నదానికి రెండింతలు పట్టింది. పులుపు పండులోనే ఉందన్నమాట.

లేపాక్షి దారిలో ఒక అవ్వ పందిరి మీద తెల్లద్రాక్ష పెంచేది. ఫాదర్ పండ్లు అక్కడే కోయించినారు. ఆదివారం పోయి అడిగినాను.

"చిలకలు తింటాయని తొందరపడినాడు. వద్దంటే ఇనలేదు," అని అవ్వ ఒక పండు చీల్చి గింజ చూపించింది. ఆకుపచ్చగా ఉంది. "ఇది కాఫీగింజ మాదిరి కావల్ల. అప్పుడు గానీ పులుపు దిగదు."

మరుసటేడు ప్రతి శనివారం పండ్లు తెచ్చి పరీక్ష చేసినాను. గింజ రంగు ముదిరేకొద్దీ సోడా చుక్కలు తగ్గుతా వచ్చినాయి. అవ్వ సరేనన్న రోజే కోసినారు.

అప్పుడు ఇంకో చిక్కొచ్చింది. నల్లద్రాక్షకు చేసినట్టే ఫాదర్ తొక్కతోనే నానబెట్టబోయినారు. తెల్లదానికి వెంటనే పిండి వడకట్టాలని నేను ఏదో పుస్తకంలో చదివినాను. ఇద్దరం వాదించుకున్నాం. చివరికి ఆయన రెండు జాడీల్లో పోసి, ఒకదాంట్లో తొక్క ఉంచినారు, రెండోదాంట్లో తీసేసినారు.

కొన్ని వారాలకు తొక్క ఉంచింది గోధుమరంగుకు తిరిగి, నాలుక మీద వగరుగా తగిలింది. రెండోది లేత గడ్డిరంగులో తేటగా, తేలిగ్గా ఉంది. ఫాదర్ చాలాసేపు రెండు గ్లాసులూ వెలుగుకు పట్టి చూసి, "నీ మాటే నిజమమ్మా," అన్నారు. ఆయన అట్లా ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

అవ్వ ఎప్పుడూ తాగిన మనిషి కాదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని, "మా పందిరి వాసనే ఉండాది," అని తిరిగి ఇచ్చేసింది.

ఆ తర్వాత కోతరోజు అవ్వే చెప్పేది, ఫాదర్ కబురు కోసం కాచుకొని ఉండేవారు. ఒక ఏడు మాత్రం వాన ముందే పట్టి కాయలన్నీ పగిలిపోయినాయి. ఆ ఏడు బెంగళూరు నుంచి సీసాలు తెప్పించినారు. అదే ఏడు నాకు ధర్మవరం బదిలీ అయింది.