పుస్తకం లేని అరబ్బీ పాఠాలు

సీడీలు వచ్చిన కొత్తలో, ఏలూరులో మా ఆయన క్యాసెట్ల కొట్లో అరబ్బీ పాఠాలు రెండు రకాలు మిగిలాయి. రెండూ తయారీ ఆగిపోయినవే, వాటితో రావాల్సిన పుస్తకాలు లేనివే. కువైట్‌కు ఇంటిపనికి వెళ్తున్న కొల్లేరు అమ్మాయికి ఏది ఇవ్వాలో నన్ను విని చెప్పమన్నారు. ఆమెలాగే అప్పటికి నాకూ చదువు రాదు.

మొదటి క్యాసెట్లో ఒకాయన పుస్తకంలో బొమ్మ చూడమన్నాడు.

"ఏ బొమ్మండీ? ఈ వంకాయనా?" అన్నాను కూర తరుగుతూ.

రెండోదాంట్లో ఒకావిడ మాట చెప్పి, మనం తిరిగి అనేదాకా ఆగేది. అదే ఇవ్వమన్నాను.

అమ్మాయి విని, "ఇందులో 'నన్ను ఇంటికి పంపించండి' అనే మాట ఉందాండీ?" అంది.

అది మొదటిదాంట్లోనే ఉంది. మా ఆయన దాన్ని రెండో క్యాసెట్ చివర ఎక్కించి, తిరిగి అనడానికి దాని వెనకే కాస్త ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో అమ్మాయీ నేనూ కలిసి అన్నాం. తర్వాత అక్షరాలు నేర్చుకుని ఎన్నో రాసుకున్నాను గానీ, ఆ మాట నాకు ఇప్పటికీ రాసుకోకుండానే గుర్తుంది.