రాశానని చెప్పిన డిస్క్

పదవీ విరమణకు మూడేళ్లు ఉండగా, ఒక జూన్ మొదటి వారంలో, నాగర్‌కర్నూల్‌లోని మా కార్యాలయం నన్ను మన్ననూర్ సర్వే క్యాంపు కంప్యూటర్ల బాధ్యుడిగా వేసింది. అప్పటికి నేను సిస్టమ్స్ ఇంజినీర్‌ను. చెంచు కుటుంబాలు కొన్ని సాగుచేసుకుంటున్న భూముల హద్దులను జీపీఎస్ పరికరంతో కొలిచి, పట్టాల కోసం పటాలు గీయడం ఆ క్యాంపు పని.

హద్దులు చూపించేది లింగయ్య. డెబ్బై దాటిన మనిషి. ఏ రాయి ఎవరిదో, వాగు ఏ మలుపులో ఎవరి చేను ఆగుతుందో ఆయన ఒక్కడికే పూర్తిగా తెలుసు. ఆయన ముందు నడిస్తే సర్వేయర్ వెనక కొలుచుకుంటూ పోయేవాడు. సాయంత్రం ఆపరేటర్ సుజాత ఆ కొలతలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, మర్నాటి కోసం పరికరాన్ని ఖాళీ చేసేది. ప్రతి శనివారం మరో డిస్క్‌లోకి నకలు తీయాలని నియమం పెట్టింది నేను. రోజూ తీయమని ఉండాల్సింది.

కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ వేయించిందీ నేనే. తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచుకునే డిస్క్ అది. వేగం కోసం, వచ్చిన సమాచారాన్ని ముందు తాత్కాలిక మెమరీలో ఉంచుకుని ‘రాశాను’ అని చెప్పేస్తుంది. ఏది ఏ చిప్‌లో ఉందో తెలిపే పట్టిక కూడా కొంత అక్కడే ఉంటుంది. ఆ సమయంలో కరెంటు పోతే పట్టిక చెదిరి, మొత్తం డిస్కే పనికిరాకుండా పోవచ్చు. మేలు రకాల్లో చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయాక ఆ ఒక్క క్షణం శక్తినిచ్చి, మిగిలినది రాయిస్తాయి. నేను తెప్పించిన దానిలో అవి లేవు. వివరాల పత్రంలో సామర్థ్యం, వేగం చూశాను. ఆ ఒక్క వరుస చదవలేదు. యూపీఎస్ ఉంది కదా అనుకున్నాను. దాని బ్యాటరీ ఉబ్బిందని సుజాత రెండుసార్లు రాసినా, వచ్చే నెల చూద్దామని ఊరుకున్నాను.

పని సోమవారం మొదలైంది. శుక్రవారం సాయంత్రం సుజాత కొలతలు ఎక్కించి పరికరం ఖాళీ చేసిన కాసేపటికే గాలివాన వచ్చింది. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. ఆమె ఫోన్ చేసింది. “సార్, మిషిన్ ఆన్ అయితుంది గని డిస్క్ లేదంటుంది.”

మర్నాడు వెళ్లి ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి చూశాను. గుర్తించలేదు. హైదరాబాద్‌లో డేటా వెలికితీసేవాళ్లు కూడా తిప్పి పంపారు. సర్వేయర్ చిత్తుపుస్తకంలో పేర్లున్నాయి, కొలతలు లేవు.

లింగయ్యకు నేనే వెళ్లి చెప్పాను.

“ఐదు దినాలు నడిస్తి గద సారు. అంత యాడికి పోయింది?”

జరిగింది వివరించాను.

“అంటే రాయకముందే రాసిన్నని చెప్పిందా?”

ఔనన్నాను.

“మరి మీరెట్ల నమ్మిన్రు?”

తప్పు నాదేనన్నాను. ఆయన అన్నాడు. “సరే, మల్ల తిరుగుదం. మోకాలు జర సతాయిస్తుంది. మెల్లగ పోదం.”

రెండోసారి నాలుగు రోజులు నడిచాడు. ఐదో రోజు తడి బండ మీద జారి తుంటి విరిగింది. దవాఖాన నుంచి తిరిగొచ్చాడు గాని మళ్లీ నడవలేదు. మిగిలిన మూడు కుటుంబాల హద్దులు ఇరుగుపొరుగు చెప్పినంత మేరకే కొలిచారు. వారిలో ఈదమ్మ అనే ఆమెకు వాగు పక్కనున్న భూమి చెక్క హద్దును ఇరుగుపొరుగులో ఎవరూ చూపలేకపోయారు. సర్వేయర్ దాన్ని పటంలో వేయలేదు.

“మొదలు లింగయ్య మామ చూపించిండు గద సారు. మీరు సుత ఎక్కించుకున్నరు,” అందామె.

మంచం మీదున్న లింగయ్య మాటను వాంగ్మూలంగా తీసుకోవాలని పైకి రాశాను. హద్దును నడిచి చూపిస్తేనే చెల్లుతుందని జవాబొచ్చింది. ఈదమ్మ పట్టా ఆ చెక్క లేకుండానే వచ్చింది.

ఆ తరువాత ఏ కొత్త డిస్క్ వచ్చినా, దాని మీద రాయిస్తూ మధ్యలో కరెంటు తీసేసి, తిరిగి పెట్టి, రాసిందంతా ఉందో లేదో సరిచూశాకే పనికి ఇచ్చాను. రాశానని డిస్క్ చెప్పినంత మాత్రాన నమ్మకూడదు. ఆ పరీక్షకు పట్టేది పావుగంట. మన్ననూర్‌కు పంపే ముందు నేను అది చేయలేదు.