రొయ్యల పెట్టెలో ఐసు

బడిలో పాఠం కోసం ఐసుముక్క చేతిలోకి తీసుకున్నప్పుడల్లా అల్లవరంలో మా రొయ్యల చెరువు గట్టు గుర్తొస్తుంది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. రొయ్యల పెట్టెలో ఐసు కరిగిన నీళ్ళు కూడా ఐసంత చల్లగానే తగిలాయి. ఆ నీళ్ళు చాలనుకుని, మిగిలిన గడ్డలు తీసి స్నేహితులకు పంచేశాను. ఎండెక్కేసరికి నీళ్ళు వేడెక్కి, రొయ్యలు మెత్తబడ్డాయి.

కొనడానికి వచ్చినాయన నాన్న మీద కేకలేశాడు.

"ఆయ్, ఐసు నేనే తక్కువేసేనండీ," అన్నారు నాన్న, నావైపు చూడకుండా. ఆ వచ్చినాయన వెళ్ళాక నాతో, "కరుగుతున్నంతసేపూ ఐసు ఎంత వేడైనా లాగేసుకుంటాదమ్మా, తను మాత్రం వేడెక్కదు. ఉత్త నీళ్ళయితే ఇట్టే వేడెక్కిపోతాయి," అన్నారు.

ఐసు కరగడానికి గుప్తోష్ణం, నీళ్ళు వేడెక్కడానికి విశిష్టోష్ణం అని ఏటా పిల్లలకు చెబుతాను. ఆ కేకల ముందు నాన్న గొంతు ఒక్క డిగ్రీ కూడా పెరగలేదని చెప్పబోయి, ప్రతిసారీ ఆగిపోతాను.