హెవ్వా అంటే అవ్వ కాదు

ఉద్యోగమంటే బెంగళూరు బస్సెక్కడమే అనుకునే కర్ణాటకలోని మా చింతామణిలో, ఆ బస్సులు ఉన్నట్టుండి ఆగిపోతూ మళ్ళీ తిరుగుతూ ఉన్న ఆ కరోనా రోజుల్లో, నాకు ఇంట్లోనే ఉద్యోగం వచ్చింది. డిగ్రీ ముగించి, ప్రపంచంలో తెలుసుకోవలసింది ఇక పెద్దగా ఏమీ మిగల్లేదని గట్టిగా నమ్ముతున్న వయసు నాది. (ఆ నమ్మకం ఎంత సుఖంగా ఉండేదో తలుచుకుంటే ఇప్పుడు అసూయ కలుగుతుంది.) పని చూపించింది మా పెద్దమ్మ కొడుకు, అందరి ఫోన్లూ బాగుచేస్తాడని మేము కంప్యూటరన్న అని పిలిచే అన్న. ఇంగ్లండు నైరుతి కొసన, మూడు వైపులా సముద్రం ఉన్న కార్న్‌వాల్ అనే సీమ ఒకటి ఉందట. అక్కడి బెస్తవాళ్ళు వలలు లాగుతూనూ, పని ముగిశాక రేవు పక్కన చేరి తాగుతూనూ తరతరాలుగా పాడుకున్న పాటల్ని ఒక సంఘంవాళ్ళు వీడియోలు తీశారట. వాటిని విని, మాటలన్నీ ఇంగ్లీషులో రాసి బొమ్మ కింద కనబడేటట్టు పెట్టాలి. "కొన్నాళ్ళు చూస్తాం, బాగా చేస్తే పర్మనెంట్" అన్నారు ఆ పని తీసుకున్న బెంగళూరు ఆఫీసు మేడం.

సముద్రం నేను చూడనే లేదు. మా వైపు నీళ్ళు పాతాళం దాకా బోరు వేసి పైకి తెచ్చుకోవలసినవే గాని, కళ్ళెదుట ఊరికే పడి ఉండేవి కావు. అయినా ఆ పాటలు నన్ను పట్టుకున్నాయి. వాయిద్యం ఉండదు. ఒకడు ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు కొందరు కింది స్థాయిలో, కొందరు పై స్థాయిలో వచ్చి కలుస్తారు. ఆ కలిసే చోట నా టైపింగు ఆగిపోయేది. తుఫానులు, విరిగిన పడవలు, తిరిగిరాని మనుషులు, ఇన్ని కష్టాలూ గొంతెత్తి హాయిగా పాడేవాళ్ళు. నా చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు పాడైపోవడంతో స్పీకరు పెట్టి వినేదాన్ని కాబట్టి ఇల్లంతా నాతోపాటు ఉద్యోగం చేసేది. వంటింట్లో అనపకాయలు వొలుచుకుంటూ మా అవ్వ (నాన్న తల్లి) అడిగేది: "పాటలు వినేది గూడా ఒక కెలసమేనా పాపా? యాడన్నా చెప్తే నవ్వుతారు." (కెలసమంటే మా వైపు పని.)

ఒకరోజు ఒక తెల్లగడ్డం తాత వీడియో వచ్చింది. సముద్రం మీదికి వంగిన కొండ అంచున నిలబడి, పాట ఎత్తుకునే ముందు చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని "హెవ్వా, హెవ్వా" అని కేకేశాడు. వంటింట్లోంచి "ఏమ్మా, వస్తాండా" అని వినబడింది. నేను వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. "వస్తాండా అంటి గదా." సరిగ్గా వినబడలేదని ఇంకోసారి పెట్టేసరికి అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "పిలిచేది, పలికితే మాట్లాడకుండేది. ఏమైంది నీకు?"

"నేను కాదవ్వా, ఈ తాత."

అవ్వ తెర దగ్గరికి వంగి చూసి జాలిపడింది. "పాపం, ఈయప్పకు ఏం కష్టమొచ్చిండాదో, వాళ్ళవ్వను పిలుస్తాండాడు."

అంతే, నా బుర్రలో దీపం వెలిగింది. తాత యాస సగం అర్థం కావడం లేదు. సముద్రం ఎర్రబడిందని, పరుగెత్తండని, వలలు తెమ్మని మాత్రం తెలుస్తోంది. ఆపద వచ్చినవాడు అవ్వను కాక ఎవరిని పిలుస్తాడు? పాట పొడుగునా హెవ్వా వచ్చిన చోటల్లా ఇంగ్లీషులో "గ్రాండ్‌మా" అని రాశాను. అక్కడితో ఊరుకున్నానా, మా ఇంట్లోనూ ముసలమ్మను అవ్వ అనే అంటామని, కేక వినబడగానే మా అవ్వ పలికిందని, తెలుగుకూ మీ భాషకూ ప్రాచీన సంబంధం ఉండవచ్చునని ఆ సంఘానికి ఒక సందేశం కూడా జోడించాను. (అవసరమైతే పరిశోధన నేనే చేస్తానని కూడా.)

ఆ వీడియోను వాళ్ళు రేవు పక్క హాల్లో, పాడిన ముసలివాళ్ళనే కూర్చోబెట్టి, పెద్ద తెర మీద వేశారు. మర్నాడు మేడం ఫోను. "సాయంత్రం వీడియో కాల్‌కి రా. వాళ్ళు నీతోనే మాట్లాడాలంటున్నారు." ఆ గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది. కంప్యూటరన్న నన్ను ఓదార్చాడు: "పోతే పోనీలే, గౌరిబిదనూరులో మావోళ్ళ అంగడి ఉండాది, ఆడ చేరుదువు." ఆ ఓదార్పు విన్నాక, పంపిన సందేశాన్ని మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను.

సాయంత్రం తెర మీద సంఘం పెద్దావిడ, పక్కన అదే తాత. ఆయన నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పూర్వం పిల్చర్డ్ అనే చిన్న చేపలు గుంపులు గుంపులుగా వస్తే నీళ్ళు ఎర్రగా కమిలినట్టు కనబడేవట. కొండ మీద కాపలా ఉండే మనిషి అది చూసి హెవ్వా అని కేకేస్తే, ఊరు ఊరంతా చేతిలో పని వదిలి పడవల వైపు పరుగెత్తేదట. ఇప్పుడు అంత చేపా రాదు, కాపలావాడూ లేడు. కేక ఒక్కటే పాటలో మిగిలింది. నేను నాకు తెలిసిన అన్ని రకాల ఇంగ్లీషులోనూ క్షమాపణ చెప్పుకుంటుంటే ఆయన అడ్డుపడి, "అదంతా సరే, ఆ పలికిన అవ్వ ఎక్కడ?" అన్నాడు.

అవ్వ కొంగు సర్దుకుని వచ్చి దణ్ణం పెట్టింది. తాత లేచి నిలబడి చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని కేకేశాడు. "వస్తాండానప్పా" అంది అవ్వ, అలవాటుగా. ఆయన మెల్లగా కూర్చున్నాడు. తన తాత పోయాక ఈ కేకకు బదులు పలికినవాళ్ళు లేరన్నాడు. అది నేను తెలుగులో చెబితే, చేపల సంగతీ చెబితే, అవ్వ తల ఊపింది. "అట్లనా? బట్లహళ్ళిలో మా నాయన జొన్న చేన్లో మంచెక్కి నేనూ అరుస్తాంటినప్పా. నువ్వు చేపల్ని జూసి రాండని అరిస్తివి, నేను చిలకల్ని జూసి పోండని అరిస్తి."

అని ఊరుకోకుండా ఆ కేక వేసి చూపించింది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. కేక చివర సాగి సాగి పాట అయింది. అవ్వ పాడగా నేనెన్నడూ వినలేదు. కార్న్‌వాల్ పాటలు పేరు పేరునా తెలిసిన దాన్ని, ఇది మాత్రం మా ఇంట్లోనే ఉందని తెలియదు. తాత మళ్ళీ పాడమన్నాడు. రెండోసారి ఆయన గొంతు కింది స్థాయిలో మెల్లగా వచ్చి కలిసింది. తెర మూల చిన్న గడిలో మేడం నవ్వాలో వద్దో తెలియక అలాగే చూస్తూ ఉండిపోయారు.

ఉద్యోగం పోలేదు. తప్పులు దిద్దాను, పర్మనెంటూ అయ్యాను. మేడం అన్నది ఒక్కటే మాట: "ముందు చెవిలో పెట్టుకునేది ఒకటి కొనుక్కో." నా ప్రాచీన సంబంధం మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడూ అదే పని నాది. కొత్తగా చేరినవాళ్ళు రాసినవి దిద్దుతాను కూడా. అర్థం కాని మాట వస్తే "స్పష్టంగా లేదు" అని రాసి ముందుకు పోతాను. తప్పులు పడవు, ఎవరూ నవ్వరు, ఎవరూ నాతోనే మాట్లాడాలని ఫోను చెయ్యరు. ఎక్కడో చూడని సముద్రం ఒడ్డున ఎవరో అరిస్తే అది మా అవ్వ కోసమేనని తేల్చేసిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఆమె రాసింది దిద్దే పని నాకే వస్తే, కాసేపు ఏమీ దిద్దకుండా చూస్తూ కూర్చుంటాననిపిస్తుంది.