బిళ్ళ ఉంటేనే ఇల్లు

మా చిన్నప్పుడు... సాయంత్రం సైరన్ మోగగానే ఆడవాళ్ళంతా గని గేటు దగ్గర చేరేవారు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ. దిగేటప్పుడు గేటు పక్క చెక్కకు తగిలించి, పైకి వచ్చాక తీసుకునేవాడు. చెక్కమీద బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని.

కుప్పం వైపు గుట్టల్లో మా ఊరు. ఊరికి గని రాలేదు... గనికే ఊరు వచ్చింది. ముందు బంగారం కోసం ఒక గొయ్యి, పక్కన రేకుల కొట్టాలు, తర్వాత కంపెనీ ఇచ్చే క్వార్టర్లు, అరవాయన టీ అంగడి, సారాయి అంగడి. అన్నిటికంటే చివర బడి. బంగారం మాత్రం మా ఆడవాళ్ళ మెడల్లో చూడలేదు... పసుపుతాడే.

క్వార్టరు మనిషిది కాదు, బిళ్ళది. ఇంట్లో బిళ్ళ ఉన్న మగవాడు లేకపోతే ఖాళీ చేయాల్సిందే.

ఒకనాడు మునెమ్మ వాళ్ళ నాయన బిళ్ళ చెక్కమీదే ఉండిపోయింది. లోపల బండ పడింది. మునెమ్మ తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చునేది. లెక్కల్లో నాకు పోటీ ఆమె ఒక్కతే. ఆమె తర్వాత ఇద్దరూ చెల్లెళ్ళే, మగపిల్లలు లేరు. దినాలు కాకముందే క్వార్టరు కోసం కాచుకున్న కొట్టాలవాళ్ళు వచ్చి, ఆ వాకిట్లో మంచం ఎటు పడుతుందో చూసుకుని పోయారు.

అప్పుడు వాళ్ళమ్మ, గనిలో డ్రిల్లు పట్టే ఒకాయనను పిలిపించింది. భార్య పోయినవాడు, కొట్టంలో ఉండేవాడు. మునెమ్మను ఇస్తే ఇల్లు అతని బిళ్ళమీద నిలుస్తుంది.

బడి మాననని మునెమ్మ ఏడ్చింది. వాళ్ళమ్మ గొంతు పెంచలేదు.

"ఆయప్పకు నలభై దాటితేనేం మే... బిళ్ళ ఉండాది. నీ చెల్లెళ్ళను యాడ పండబెట్టేది, చెట్టు కిందనా?"

పెళ్ళినాడు కొళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వుకున్నారు. "మొగుణ్ణి కాదులే, నాలుగు గోడల్ని కట్టుకునింది." మా అమ్మ కూడా నవ్వింది.

మరుసటి ఏడు, బంగారం గిట్టుబాటు కాలేదని గని మూసేశారు. అందరినీ ఖాళీ చేయమన్నారు. చంకలో బిడ్డతో, నెత్తిన గిన్నెల మూటతో, ఆ ముసలి మొగుడి వెనకే నడిచిపోయింది మునెమ్మ.

ఇప్పుడు ఆ గొయ్యి నిండా నీళ్ళు. క్వార్టర్ల వరుసలో కంప మొలిచింది... మేకలు మేస్తున్నాయి. గని మళ్ళీ తెరుస్తారని ఈమధ్య చెప్పుకుంటుంటే, పలమనేరులో ఉన్న మునెమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"ఇండ్లు ఎవురి పేరున ఇస్తారంట మే?" అని మాత్రం అడిగింది.

గని ఊళ్ళలో పెరిగినవాళ్ళు ఉంటే చెప్పండి... మీ దగ్గర ఇల్లు ఎవరి పేరున ఉండేది?