కంప్యూటర్‌కు ముందే వచ్చిన శ్రావణం

కొత్త పెళ్ళాం మనసు, మామగారి నమ్మకం, అత్తగారి ఆచారం, ఈ మూడింటినీ ఒకే మధ్యాహ్నం పాడుచేయాలంటే మామూలు మనిషికి తాగుడో జూదమో అలవాటై ఉండాలి. నాకు అంత ఖర్చు కాలేదు. ఒక బ్రౌజర్ సరిపోయింది. అదీ చెడగొట్టడానికి పోలేదు, బాగుచేయడానికే పోయాను. కాబట్టి చదివేవాళ్ళు నవ్వేటప్పుడు కనీసం నా ఉద్దేశం మంచిదేనని గుర్తుపెట్టుకోవాలి.

ఇంటి ఫోన్ అంటే హాల్లో స్టూలు మీద ఉండే ఫోనే, సెల్ అంటే ఎవరో కాంట్రాక్టర్ల దగ్గర ఉండే వస్తువు అనుకునే రోజులు. నేను కర్నూలులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. చెప్పడం మాత్రం గట్టిగా చెప్పేవాణ్ణి, వినేవాళ్ళకు ఏమైనా తలకెక్కిందా అన్నది వేరే సంగతి. ఆ వైశాఖంలోనే నాకు పెళ్ళయింది. పిల్ల పేరు సుజాత, ఊరు కడప. మామగారు వెంకటసుబ్బయ్య బండల వ్యాపారి. ఇంట్లో ఏ గదికి ఎన్ని కడప బండలు పడతాయో కంటితో చూసి చెప్పేస్తారు.

జ్యేష్ఠం దాటగానే వచ్చి కూతుర్ని పిలుచుకుపోయారు. ఆషాఢంలో కొత్త దంపతులు ఒకచోట ఉండకూడదు. అది చాలదన్నట్టు, కొత్త అల్లుడూ అత్తా ఒకే గడప దాటకూడదు. ఈ నియమం పెట్టినవాళ్ళు ఎవరో నాకు తెలియదు కానీ, వాళ్ళకు కొత్తగా పెళ్ళి కాలేదని మాత్రం ఖాయంగా చెప్పగలను.

ఫోన్ చేద్దామంటే ఆ హాల్లో ఎప్పుడూ ఒక సభ నడుస్తూ ఉండేది. అత్తగారు ఆకుకూర వలుస్తూ, మామగారు బండల బేరం చేస్తూ, పక్కింటావిడ ఊరికే కూర్చుని. అంతమంది మధ్య సుజాత నాతో ఏం మాట్లాడుతుంది? తిన్నారా అని అడిగేది, తిన్నాను అని చెప్పేది, పెట్టేసేది. భార్యాభర్తలు మనసు విప్పి మాట్లాడుకోవాలంటే మెయిల్ ఒక్కటే దారి అని నాకు తోచింది. ఆమె డిగ్రీలో కంప్యూటర్ నేర్చుకుంది. నేనే ఒక కంప్యూటర్ బిగించి, పార్సిల్ ఆఫీసులో వేసి కడపకు పంపాను. మామగారి వ్యాపారానికి పనికొస్తుందని అందరికీ చెప్పుకున్నాను. బండను వేలితో తట్టి ధర చెప్పే మనిషికి అది దేనికి పనికొస్తుందో నాకూ తెలియదు.

పెట్టె చేరింది. కానీ దాన్ని ఎవరూ విప్పలేదు.

"ఆషాఢంలో కొత్త వస్తువు మొదలుపెట్టకూడదప్పా. శ్రావణంలో మంచి శుక్రవారం చూసి విప్పుదాం లే," అన్నారు మామగారు ఫోన్లో.

శ్రావణం వస్తే నా భార్య నా ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు నేను హాల్లో కూర్చుని వంటింట్లో ఉన్న మనిషికి మెయిల్ రాయాలా? ఒళ్ళు మండింది. ఆ మంటలోనే నాకు తెలివి పుట్టింది. నా జీవితంలో పెద్ద పెద్ద నష్టాలన్నీ నాకు తెలివి పుట్టినప్పుడే జరిగాయి.

"మామా, కంప్యూటర్‌కు ఆషాఢమో శ్రావణమో ఎట్ల తెలుస్తాది? దాని లోపల తేదీ ఒకటి ఉంటాది. ఆ తేదీని శ్రావణానికి జరిపి మొదలుపెట్టండి. దాని లెక్కలో శ్రావణంలో మొదలైనట్టే గదా."

 మామగారు "భలే చెప్పినావప్పా" అన్నారు. పంచాంగం తీసి శ్రావణంలో ఒక శుక్రవారం ఎంచారు. సుజాత ఆ తేదీ పెట్టింది. టెంకాయ కొట్టారు, మానిటర్‌కు బొట్టు పెట్టారు. మా అల్లుడికి కంప్యూటరే కాదు, శాస్త్రం కూడా తెలుసునని మామగారు బజారంతా చెప్పారు. నేనూ తక్కువ తినలేదు. టీ అంగడి దగ్గర ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో, చెప్పినప్పుడల్లా నా తెలివి ఇంకొంచెం పెరిగేది.

మర్నాటి నుంచే ఆ బ్రౌజర్‌కు పిచ్చి పట్టింది. సుజాత పాస్‌వర్డ్ కొడితే మెయిల్ ఆమెను పేరు పెట్టి పలకరిస్తుంది. సరే అని ఇన్‌బాక్స్ నొక్కితే, నువ్వెవరు, పాస్‌వర్డ్ ఏది అని మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ కొడితే మళ్ళీ పలకరింపు, మళ్ళీ బయటికి. కొత్త కోడలిని వాకిట్లోనే నిలబెట్టి ఆడిస్తున్నట్టు రోజంతా ఇదే వరస.

మీలో కంప్యూటర్ తెలిసినవాళ్ళకు ఈపాటికి సంగతి అర్థమై ఉంటుంది. తెలియనివాళ్ళకు చెబుతాను. లోపలికి వచ్చిన మనిషికి మెయిల్ ఒక చీటీ లాంటిది ఇస్తుంది. ఫలానా గంట దాకా చెల్లుతుంది అని దాంట్లో ఉంటుంది. తేదీ నెల ముందుకు జరిగిన కంప్యూటర్ ఆ చీటీని చూసి, ఇది పోయిన నెలది అనుకుని పారేస్తుంది. చీటీ లేని మనిషిని మెయిల్ బయటికి పంపుతుంది. అంతే కథ. ఇదే పాఠాన్ని నేను బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. బోర్డు లేకపోయేసరికి నాకు గుర్తురాలేదు.

ఫోన్లోనే బాగుచేయిద్దామని మొదలుపెట్టాను. వాళ్ళింట్లో ఇంటర్నెట్ వచ్చేది ఆ ఫోన్ తీగ మీదే. అంటే ఇంటర్నెట్ పెడితే ఫోన్ పలకదు, ఫోన్ ఎత్తితే ఇంటర్నెట్ తెగిపోతుంది. నేను ఒక మాట చెప్పడం, వాళ్ళు ఫోన్ పెట్టేసి అది చేసి చూడడం, మళ్ళీ నాకు ఫోన్ చేసి పనిచేయలేదని చెప్పడం. హిస్టరీ తీసేయించాను. కుకీలు తీసేయించాను. కనిపించిన ప్రతి టిక్కు తీయించి, మళ్ళీ పెట్టించాను. చివరికి మామగారికి విసుగొచ్చింది.

"ఏందప్పా ఇది, నువ్వు చెప్పేకొద్దీ ఇంకా ఎక్కువ చేస్తాండాది."

"వైరస్ మామా," అన్నాను. తెలియని ప్రతిదానికీ అప్పట్లో మేం పెట్టుకున్న పేరు అది. "నేనే వచ్చి చూస్తా."

మామగారు గతుక్కుమన్నారు. ఆషాఢంలో అల్లుడు రావడమా? కానీ పెట్టె పంపింది అల్లుడు, శాస్త్రం చెప్పిందీ అల్లుడే, కాదనలేకపోయారు. చివరికి ఒక ఏర్పాటు జరిగింది. నేను వీధి గుమ్మంలోంచి వచ్చి హాల్లో కూర్చుని, అక్కణ్ణించే తిరిగి పోవాలి. అత్తగారు వంటింటి తలుపు గడియ పెట్టుకుని లోపలే ఉండి, ఏమైనా అవసరమైతే పెరటి గుమ్మంలోంచి తిరగాలి. సుజాతను మాత్రం పొద్దున్నే పక్కవీధిలో మేనత్త ఇంటికి పంపేస్తారు. నేను ఎవరి కోసం పోతున్నానో ఆ మనిషే ఆ ఇంట్లో ఉండకూడదు. దీనికి నేను ఒప్పుకున్నాను చూడండి, అక్కడే నా తెలివి ఏపాటిదో తెలిసిపోవాలి.

నంద్యాల మీదుగా కడప బస్సు ఎక్కాను. ఆషాఢం గాలికి కిటికీలోంచి దుమ్మంతా నా ముఖానే. సంచి నిండా సీడీలు పెట్టుకుని, పెద్ద ఆపరేషన్‌కు పోయే డాక్టరు మాదిరి దిగాను. హాల్లో కూర్చోగానే వంటింటి తలుపు కొంచెం తెరుచుకుని, ఆ సందులోంచి ఓళిగల, అంటే బొబ్బట్ల, పళ్ళెం ఒకటి బయటికి వచ్చింది, గాజుల చెయ్యి వెంటనే లోపలికి పోయింది. మా అత్తగారిని నేను ఆరోజు చూసింది అంతవరకే.

నా వైరస్ సీడీలన్నీ అయ్యాయి. ఒక్క వైరస్ దొరకలేదు. దొరకలేదంటే అది ఎంత గొప్ప వైరసో అనుకున్నాను. వేరే బ్రౌజర్ వేశాను, అదీ అంతే. మూలన గడియారం కూడా చూశాను, తిరుగు బస్సుకు టైముందా లేదా అని. టైము సరిగ్గానే ఉంది. తేదీ కనిపించాలంటే బాణం దానిమీద పెట్టి ఒక్క క్షణం ఆగాలి. అంత ఓపిక నాకు లేదు.

"ఫార్మాట్ కొట్టాల్సిందే మామా. మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కిస్తా. దీంట్లో ముఖ్యమైనవి ఏమన్నా ఉండాయా?"

"ఏముంటాయప్పా, మొన్న గదా తెచ్చింది," అన్నారాయన.

కొట్టేశాను. ఎంత నిశ్చింతగా కొట్టానో. మధ్యలో కరెంటు పోయింది, మళ్ళీ మొదటినుంచి కొట్టాను. రెండో పళ్ళెం ఓళిగలు అయ్యేలోగా కొత్త కంప్యూటర్ తయారు. నెట్ కలిపి, మామగారు చూస్తుండగా నా పాస్‌వర్డ్ దర్జాగా కొట్టాను. పేరు పెట్టి పలకరించింది. ఇన్‌బాక్స్ నొక్కాను. నువ్వెవరు అంది.

మామగారు నన్ను చూశారు. నేను మానిటర్ మీది బొట్టును చూశాను. అప్పుడు వంటింటి తలుపు అవతలినుంచి అత్తగారి గొంతు వినిపించింది. మామగారితో అన్నట్టుగానే, నాకు వినపడేటట్టుగా.

"ఆషాఢంలో చేయకూడని పని చేస్తే ఇట్లే అయితాది. తేదీ మార్చి ఆ పెట్టెను మోసం చేసినారు, అది ఎవరిని నమ్మాలంట?"

నా చేతిలో ఓళిగ చేతిలోనే ఉండిపోయింది. బోర్డు, బొమ్మ, చీటీ, చెల్లే గంట, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. బాణం తీసుకుపోయి గడియారం మీద ఆపాను. దాని లెక్కలో శ్రావణం దాటబోతోంది; ఫార్మాట్ కొట్టినా ఆ తేదీ మాత్రం చెరగదు. మామగారు మంచినీళ్ళకని లేవగానే తేదీని వెనక్కి లాగాను. ఇన్‌బాక్స్ తెరుచుకుంది, తెరుచుకునే ఉంది. ఆయన వచ్చి ఏం చేశావని అడిగితే, రిజిస్ట్రీలో చిన్న మార్పు అన్నాను. ఆ మాటకు అర్థం ఏంటని ఈరోజు వరకు ఎవరూ నన్ను అడగలేదు.

గెలిచిన ముఖంతో కర్నూలు చేరాను. మర్నాడు సాయంత్రం ఫోన్ మోగింది. సుజాత. హాల్లో అంత సభ ఉండగా, మొదటిసారి పొడుగ్గా మాట్లాడింది.

"మెయిల్ బాగా వస్తాంది. మంచిదే. దాంట్లో నా ఫోల్డర్ ఒకటి ఉండె. అది యాడికి పోయింది?"

"ఏం ఫోల్డర్? దాంట్లో ఏముండె?"

"మెయిల్ పోవడం లేదని దినామూ మీకు రాసి దాచిపెట్టినా. బాగైనంక అన్నీ ఒకేసారి పంపుదామని."

 ఆమె ఉత్తరం కోసమే కంప్యూటర్ పంపాను, ఆమె ఉత్తరం కోసమే ఆచారం తప్పి కడపకు పోయాను, పోయి ఆమె ఉత్తరాలన్నీ నా చేత్తో తుడిచేసి, పైన రెండు పళ్ళేల ఓళిగలు తిని వచ్చాను. కరెంటు పోయినందుకు రెండుసార్లు తుడిచాను కూడా. ఎంతమంది శత్రువులు కలిసినా నాకు ఇంత చేయలేరు.

మర్నాడు సెంటర్లో మెయిల్ తెరిచాను. నా భార్య నుంచి నాకు వచ్చిన మొట్టమొదటి మెయిల్. గబగబా నొక్కాను. ఒకే వాక్యం ఉంది: "మిగతా సంగతులు శ్రావణంలో మాట్లాడుకుందాం."

శ్రావణం వచ్చింది, ఆమె వచ్చింది, మాట్లాడింది. ఆ ఫోల్డర్లో రాసిన సంగతులు మాత్రం చెప్పలేదు. ఇన్నేళ్ళయినా, ఇద్దరు పిల్లలైనా, అప్పుడప్పుడూ బతిమాలి అడుగుతూనే ఉంటాను, ఏం రాశావే అని.

"శానా బాగా రాసినా," అంటుంది. అని తన పని తాను చూసుకుంటుంది.

అందుకే చదివేవాళ్ళందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి ఇంట్లో బ్రౌజర్ మొరాయించినా, అది నిప్పులు కక్కినా, పిలిచిన మామ కాళ్ళు పట్టుకున్నా, ఇంట్లో ఉన్న ఆడవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, నా గురించి ఇందులో ఎవరైనా ఏమైనా మంచిగా రాసుకున్నారా అని అడగనిదే, నేను మౌస్ ముట్టుకోను.