మనం కట్టిన ట్యాంకు

ఇంజినీరుగారు చేసిన ఘనకార్యాల్లో సరిగ్గా సగం ఆయన డ్రైవరువి. ఈ పంపకం చేసింది డ్రైవరే.

"ఆ వంతెన చూశారా? మనం కట్టిందే," అనేవాడు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ.

"నువ్వేమైనా ఇటుకలు మోశావా?" అని ఎవరైనా గిల్లితే, "ఇటుకలేం ఖర్మ, ఇంజినీరునే మోశానయ్యా, ఇన్నేళ్లూ!" అని కాలరు సర్దుకునేవాడు.

ఇంజినీరుగారికి బంగారు పతకం వస్తే వీధంతా మిఠాయి పంచాడు. ఆయన గుండెకి ఆపరేషనైతే ఈయన ఉప్పు మానేశాడు.

"కోత ఆయనకి, చప్పిడి కూడు మాకు!" అని భార్య నెత్తి కొట్టుకుంది. ఆవిడ అసలు బాధ వేరు. "ఆయన గొప్పలు ఆయనవి. మీ సొంతానికంటూ ఏమీ లేదా? ఇంతకాలం బండి నడిపారు, ఒక్క కోడిని గుద్దలేదు. అది చెప్పుకోండి."

"అందులో నా గొప్పేముందే? కోళ్లే తప్పుకున్నాయి."

ఇంతలో ఇంజినీరుగారు కట్టించిన కొత్త నీళ్ల ట్యాంకు కారింది. నింపిన రోజే కింద వీధి చెరువైంది. పెద్ద అధికారి విచారణకు వచ్చాడు. ఇంజినీరుగారిని వెనకేసుకొచ్చినవాళ్లకి దూరప్రాంతానికి బదిలీ తప్పదని ఆఫీసంతా గుప్పుమంది. నిన్నటిదాకా ఆయన చుట్టూ తిరిగిన గుమాస్తాలు ఇప్పుడు ఆయన ఎదురైతే గోడలు పరీక్షిస్తున్నారు.

ఈ మాట డ్రైవరు భార్య చెవిన పడింది. ఇంట్లో అత్తగారు మంచం పట్టి ఉంది.

"ఏవండీ, మీ అమ్మని మంచంతో సహా ఏ ఊరికి మోసుకుపోతాం? ఈ ఒక్కసారికీ ట్యాంకు ఆయనదని ఊరుకోండి. మీకు పుణ్యముంటుంది."

"అలాగేలేవే."

ఆ 'అలాగే' మీద నమ్మకం చాలక, గొడుగు ఇచ్చే వంకతో ఆవిడ ఆఫీసుకెళ్లి కిటికీ పక్కన నిలబడింది.

లోపల ఇంజినీరుగారు ఒక్కరే ఒక పక్క కూర్చున్నారు. తక్కిన కుర్చీలన్నీ అవతలి గోడకి జరిగిపోయాయి.

"దీనికి బాధ్యులెవరు?" అన్నాడు అధికారి.

గుమాస్తాలు మళ్లీ గోడలు పరీక్షించసాగారు. డ్రైవరు ఒక కుర్చీ బరబరా ఈడ్చుకొచ్చి ఇంజినీరుగారి పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"మేమేనండి."

"నువ్వెవరు?"

"డ్రైవర్నండి."

"నువ్వేం చేశావయ్యా?"

"ఇంకోసారి పైకెక్కి చూస్తానని ఈయనంటే, వాన వచ్చేలా ఉంది పదండి పదండని బండెక్కించేశానండి."

అధికారి మొహం తిప్పుకుని నవ్వాడు. వారం రోజులుగా తలెత్తని ఇంజినీరుగారూ నవ్వారు. లేచి, "తప్పు నాదే. బాగుచేసే అవకాశం ఇవ్వండి," అన్నారు.

"అయితే ఆ కారడమేదో ఇద్దరూ కలిసే ఆపండి. ఆగకపోతే ఇద్దరికీ బదిలీ."

ఇంటికి రాగానే భార్య నిలదీసింది. "నిజంగానే తొందరపెట్టారా?"

"లేదే. ఆ రోజు మబ్బే లేదు."

"మరెందుకండీ ఈ తద్దినం?"

"పతకం వచ్చినప్పుడు ఫొటోలో నాకు చోటే దొరకలేదే, అంత జనం! ఇవాళ చూస్తే బోలెడంత చోటు."



మర్నాడు ఆవిడ అందించిన క్యారియరు బరువుకి ఆయన చెయ్యి కిందికి జారింది.

"ఇంతెందుకే?"

"ఇంజినీరుగారికి కూడా పెట్టాను."

"ఆయన హోటల్లో తింటారులే."

"బాగుంది వరస! ట్యాంకు మనం కట్టి, భోజనానికి ఆయన్ని హోటలుకి పొమ్మంటామా?"